క్లోజ్డ్ బ్యాక్ హెడ్‌ఫోన్ కొనే ముందర, మా అనంతపురం మేనకోడలికి

పాపా,

నువ్వు పంపిన లింకులన్నీ చూసినా. "అత్తా, వీటిలో ఏది మంచిదో ఒక్క మాటలో చెప్పు" అంటే ఎట్ల చెప్పేది, నా తలకాయ వేరే నీ తలకాయ వేరే. కడపలో రికార్డింగ్ రూముల్లో కూచొని జనాల గొంతులు వింటా, కట్ చేస్తా ఇన్నేళ్లు గడిపినదాన్ని కాబట్టి రొంత పొడుగ్గానే రాస్తాండా, అన్నం తిన్నాక నిమ్మళంగా చదువు.

నువ్వు చేసేది కథలు చదివి రికార్డ్ చేసే పని, ఎనకాల మ్యూజిక్ పెట్టుకొని వింటా చదువుతానన్నావు, దానికి క్లోజ్డ్ బ్యాకే, అంటే కప్పులు ఎనకాల మూసి ఉండేదే, కరెక్టు. ఓపెన్ బ్యాక్‌లో కప్పు ఎనకాల జాలీ ఉంటాది, చెవిలో మోగేది బయటికీ వస్తాది, మైకు దాన్ని పట్టేస్తాది. తర్వాత తప్పు చదివినచోట కట్ చేసినావనుకో, ఆ సన్నటి మ్యూజిక్ టక్కున తెగినట్టు తెలిసిపోతాది, దాన్ని అతికించేది ఎవరి వల్లా కాదు. క్లోజ్డ్ బ్యాక్‌లో ఆ బాధ తక్కువ. కాకపోతే మూసిన కప్పులో సౌండు లోపలే కొట్టుకుంటాది కాబట్టి 200, 300 హెర్ట్జ్ దగ్గర మగ గొంతులు రొంత ముద్దముద్దగా వినపడొచ్చు, వాయిద్యాలన్నీ తలకాయలోనే ఇరుక్కున్నట్టు ఉంటాది. అది దాని గుణం, దానికోసం రిటర్న్ పంపొద్దు.

ఇప్పుడు అసలు మాట. అందరూ సౌండు ఒగ పక్క, కంఫర్టు ఇంకో పక్క పెట్టి చూస్తారు, సౌండు బాగుంటే కంఫర్టు రొంత సర్దుకుంటాంలే అంటారు. క్లోజ్డ్ బ్యాక్‌లో అట్ల కుదరదు పాపా. చెవి చుట్టూ ప్యాడ్ గాలి పోకుండా అతుక్కుంటేనే (దాన్నే సీల్ అంటారు) బేస్ ఉంటాది, రొంత సందు దొరికినా మొదట పోయేది బేసే. అంటే నీ తలకు సరిగ్గా కూచోని హెడ్‌ఫోన్‌కు సౌండు కూడా బాగుండదు, అది ఎంత పేరున్న కంపెనీదైనా సరే. ఇంటర్నెట్‌లో ఒగరు "బేస్ సూపర్" అని, ఇంకొకరు "బేసే లేదు" అని ఒకే మోడల్ గురించి కొట్లాడతాంటారు కదా, దాంట్లో సగం తలకాయల తేడా, కళ్ళద్దాల తేడా.

నీకు కళ్ళద్దాలు ఉండాయి. అద్దాల కాడ చెవి పైనుంచి పోయేచోట ప్యాడ్ కింద చిన్న సందు చేస్తాది, దాంట్లోనుంచి బేస్ కారిపోతాది. దీన్ని చూసేది శానా సులువు. బేస్ బాగా ఉండే పాట ఒగటి పెట్టుకో, అద్దాలు పెట్టుకొని రొంచేపు విను, అద్దాలు తీసి విను, మల్ల పెట్టుకొని రెండు అరచేతులతో కప్పుల్ని మెల్లగా లోపలికి ఒత్తు. ఒత్తగానే బేస్ ఒక్కసారిగా పెరిగిందంటే నీకు సీల్ కుదరలేదని. ఏమంత తేడా రాలేదంటే అది నీ తలకు సరిపోయింది. ప్యాడ్ మెత్తగా ఉండేవాటిలో కాడ లోపలికి మునిగి సందు మూసుకుంటాది, గట్టి ప్యాడ్‌లో మూసుకోదు. సన్నటి కాడ ఉండే ఫ్రేము అయితే ఇంకా మేలు, నీ ప్లాస్టిక్ ఫ్రేము కాడలు మరీ లావు, రికార్డింగ్‌కు మాత్రం ఆ పాత స్టీల్ ఫ్రేము వాడు.

కమ్మల సంగతి ఏ మగ రివ్యూవరూ చెప్పడు. బుట్టకమ్మలు పెట్టుకొని హెడ్‌ఫోన్ పెట్టేది వద్దే వద్దు, అవి కప్పుకు తగిలి కదిలినప్పుడల్లా టిక్కు టిక్కు అంటాయి, అదేమో మైకులో పడతాది, నువ్వేమో నోటి చప్పుడు అనుకొని వెతుకుతాంటావు. చిన్న దుద్దులైనా ఎనకాల సీల చెవి వెనక ఎముకకు గుచ్చుకుంటాది, మొదట తెలీదు, రొంచేపు అయినాక మంట. అట్లనే నడినెత్తిన క్లిప్పు, కొప్పు, పూలు. హెడ్‌బ్యాండ్ సరిగ్గా ఆడే కూచుంటాది. జడ కిందికి వేసుకొని కూచో.

ఇంగ కొబ్బరినూనె. నల్లగా మెరిసే ఆ లెదర్ లాంటి ప్యాడ్లు నిజం లెదర్ కాదు, చెమటా నూనే కలిసి పట్టినాయంటే పైపొర పెచ్చులు పెచ్చులుగా లేస్తాది, ఎండాకాలం హెడ్‌ఫోన్ తీసేసరికి చెంపల మీద, చెవుల్లో నల్లటి పొట్టు. మా రూములో ఉన్న జత ప్యాడ్లకు నేను ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ తుడవరు, పెచ్చు లేచినాక అందరూ కంపెనీని తిడతారు. పని అయినాక పొడిగుడ్డతో తుడిచి పెట్టు, తలకు నూనె పెట్టిన రోజు రికార్డింగ్ పెట్టుకోవాకు. ప్యాడ్లు అరిగినాయంటే సౌండు కూడా మారిపోతాది, ఎందుకంటే చెవికీ డ్రైవర్‌కూ, అంటే కప్పులో మోగే చిన్న స్పీకర్‌కూ, మధ్య దూరం తగ్గుతాది, సీల్ పోతాది. అందుకే కొనేముందే దానికి విడిగా ప్యాడ్లు దొరుకుతాయా లేదా చూసుకో. వేరే కంపెనీ ప్యాడ్లు చవకని వేస్తే సైజు సరిపోయినా సౌండు అదే ఉండదు.

మన ఎండలకు వెల్వెట్ గుడ్డ ప్యాడ్లు సుఖం, చెవి ఉడకదు. రికార్డ్ చేసేటప్పుడు ఫ్యానూ కూలరూ ఆపాల్సిందే కదా, ఏప్రిల్ మేలో తలుపులు మూసిన రూములో ఎట్లుంటాదో నీకు చెప్పాల్నా. కాకపోతే గుడ్డ ప్యాడ్లలో సౌండు లెదర్ రకం కంటే రొంత ఎక్కువ బయటికి పోతాది, చెమట పీలుస్తాది, దుమ్ము పడతాది.

వినేది ఎట్లో చెప్తా. అందరూ పెద్ద పెద్ద సినిమా పాటలు పెట్టి చూస్తారు, అది తప్పని కాదు గానీ నీ పనికి నీ గొంతే మొదటి పరీక్ష. నువ్వు చదివిన నిమిషం ముక్క ఒగటి, ఏ ఎఫెక్టూ వేయకుండా, కుదించని వేవ్ (WAV) ఫైలుగా ఫోన్లో పెట్టుకో. దాంట్లో స, శ, ష, చ బాగా ఉండల్ల. "శెనక్కాయ చట్నీ, సజ్జ రొట్టె, చింతచిగురు" అని చదివినా సరే. ఇవి చెవిలో సూదిలాగా గుచ్చుకుంటే ఆ హెడ్‌ఫోన్‌కు పైన ట్రెబుల్, అంటే సన్నటి పదును సౌండు, ఎక్కువుందని, మామూలుగా ఈ గుచ్చుడంతా 5 నుంచి 9 కిలోహెర్ట్జ్ మధ్యన ఉంటాది. రొంత ఎక్కువుంటే ఎడిటింగ్‌కు మంచిదే, పెదాల చప్పుడు, గుటకేసిన చప్పుడు, కాగితం తిప్పిన చప్పుడు అన్నీ దొరుకుతాయి. మరీ ఎక్కువుంటే గంటకల్లా తలనొప్పి, ఇంగో నష్టం ఏమంటే నువ్వు ఆ గుచ్చుడుకు భయపడి నీ గొంతులో ట్రెబుల్ అంతా కోసేస్తావు, వేరేవాళ్ళు వింటే దుప్పటి కప్పినట్టు ఉంటాది. తర్వాత ప, బ, భ చూడు, "పప్పు, బుడ్డలు, భోజనం" అను, మైకులోకి గాలి కొట్టిన ఆ దబ్బుమనే చప్పుడు హెడ్‌ఫోన్లో తెలియల్ల. తెలియలేదంటే బేస్ తక్కువైనా అయ్యుండల్ల, సీల్ అన్నా పోయుండల్ల, పైన చెప్పినట్టు ఒత్తి చూడు.

గొంతు మధ్యలో నిలబడతాందా అనేది ఇంకోటి. నీ గొంతు మోనో, అంటే రెండు చెవులకూ ఒకే సౌండు, కాబట్టి సరిగ్గా తలకాయ నడుమ వినపడల్ల. ఎడమకో కుడికో లాగితే హెడ్‌ఫోన్‌ను తిప్పి పెట్టుకో, కుడి కప్పు ఎడమ చెవికి. లాగుడు కూడా పక్క మారిందంటే తప్పు హెడ్‌ఫోన్‌దో, ఫోన్‌దో. మారకుండా అదే పక్కకు లాగుతాంటే తప్పు నీ చెవిదో, ఆ పక్క సీల్‌దో. జలుబు చేసినప్పుడు ఈ పరీక్ష పెట్టుకోవాకు.

రెండు హెడ్‌ఫోన్లు పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానంగా ఉండల్ల, ఇది మాత్రం మర్చిపోవాకు. ఏది రొంత గట్టిగా మోగితే అదే బాగుందనిపిస్తాది, అది మనిషి చెవి గుణం, గట్టిగా వింటే బేస్ కూడా ఎక్కువుందనిపిస్తాది, 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అని ఇద్దరు దాన్ని కొలిచి పెట్టినారు. వాల్యూమ్ గీత ఒకేచోట పెడితే సమానం కాదు, ఒగ్గొగ హెడ్‌ఫోన్ ఒగ్గొగ తీరు మోగుతాది. నీ గొంతు రెండిట్లోనూ ఒకే గట్టితనంలో వచ్చేదాకా సర్దుకొని అప్పుడు విను. బ్లూటూత్‌లో ఏం పోల్చొద్దు, వైరే.

రికార్డ్ చేస్తా విన్నప్పుడు ఇంకో తమాషా ఉంటాది. చెవులు రెండూ మూసుకొని మాట్లాడితే మన గొంతు మనకే గుయ్‌మని లోపల మోగుతాది కదా, ఎముకల గుండా వచ్చే సౌండు బయటికి పోయే దారి లేక. క్లోజ్డ్ బ్యాక్‌లో అదే జరుగుతాది, చదివేవాళ్ళు తెలీకుండానే గొంతు తగ్గిస్తారు, లేకుంటే పాత అనౌన్సర్ల లెక్కన బరువు గొంతు పెడతారు. ఒగ చెవి రొంత ఎనక్కి జరిపి చదివి చూడు. కాబట్టి కప్పులు తిరిగే మోడల్ అయితే మేలు. ఆ తెరిచిన పక్క సౌండు ఆపేయల్ల, లేకుంటే మైకులోకి పోతాది.

బిర్రు గురించి. కొత్తది ఏదైనా రొంత బిర్రుగానే ఉంటాది, వాడగా వాడగా సడలుతాది, నాలుగు లావు పుస్తకాలు పేర్చి రాత్రంతా దానికి తగిలించి పెట్టినా సడలుతాది. కానీ చెవి మడత ప్యాడ్ కింద పడి నలిగితే, చెవి లోపల డ్రైవర్ మీది గుడ్డకు తగుల్తాంటే అది ఎప్పటికీ సరి కాదు, ఎనక్కి పంపెయ్. నడినెత్తి మీద ఒకేచోట నొప్పి పుట్టినా అంతే. ఇవేవీ షాపులో ఐదు నిమిషాలకు తెలియవు. అనంతపురంలో పెట్టుకొని చూడనిచ్చే షాపు నాకు తెల్సి లేదు, బెంగళూరు పోతే కొన్ని దొరుకుతాయి గానీ ఆ గోలలో ఏం వింటావు, తలకు కూచుంటాదో లేదో మాత్రం చూసుకో. ఆన్‌లైన్‌లో తీసుకుంటే ఎనక్కి తీసుకునేచోటే తీసుకో, వచ్చినరోజే నీ మామూలు కూచొనే కుర్చీలో, అద్దాలతో, ఒగ కథ మొత్తం ఎడిట్ చేయి. మధ్యలో చెయ్యి దానంతట అదే హెడ్‌ఫోన్ సర్దడానికి పోతాందా చూడు, పోతాందంటే అది నీది కాదు.

మోడళ్ళ సంగతి. సోనీ ఎండీఆర్ 7506, ఇది 1991 నుంచి ఉంది, గొంతు పనికి ఇప్పటికీ నా ఓటు దీనికే, తేలిక, చిన్న తప్పు కూడా దాచదు. ప్యాడ్లు పల్చన, పెచ్చులూడతాయి, స్ప్రింగు వైరు ఊడదు, పైగా కిందికి లాగుతాంటాది. ఆడియో టెక్నికా ఎం50ఎక్స్ బేస్ ఎక్కువ, పాటలకు బాగుంటాది, వైరు మార్చుకోవచ్చు, నకిలీలు మార్కెట్లో శానా ఉండాయి కాబట్టి రేటు మరీ తక్కువుంటే ముట్టుకోవాకు. సెన్‌హైజర్ హెచ్‌డీ 280 ప్రో బయటి చప్పుడు బాగా ఆపుతాది, కంపెనీ 32 డెసిబెల్స్ దాకా అంటాది, కానీ పట్టు గట్టి, నీ అద్దాలకు నేను వద్దంటా. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో 80 ఓమ్స్ వెల్వెట్ ప్యాడ్లు, అద్దాలవాళ్ళకు వీటన్నిట్లో సుఖం, శకారాలు మాత్రం రొంత గుచ్చుతాయి. అదే మోడల్ 250 ఓమ్స్‌లో కూడా ఉంది, ఓమ్స్ ఎక్కువైతే మోగించడానికి బలం ఎక్కువ కావల్ల కాబట్టి ఫోన్‌కు పెడితే సౌండు చాలదు, తీసుకోవాకు. నీకైతే నేను మొదట 770 తెప్పించి చూడమంటా, శకారాలు భరించలేకపోతే 7506.

ఏది తీసుకున్నా బయటి చప్పుడు మొత్తం ఆగిపోతాదనుకోవాకు. మాటలూ హారన్లూ బాగా తగ్గుతాయి, కింద వీధిలో వాటర్ ట్యాంకర్ గురగుర, ఫ్యాన్ గుయ్ మాత్రం లోపలికి వస్తానే ఉంటాయి. దాన్ని ముంచడానికి వాల్యూమ్ పెంచేది వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క 80 డెసిబెల్స్‌లో వారానికి 40 గంటలు, అంతకంటే గట్టిగా వింటే ఆ గంటలు దబదబ తగ్గిపోతాయి. పని అయినాక చెవిలో కుయ్ మంటాంటే ఎక్కువైందని అర్థం.

వచ్చినాక పరీక్షలన్నీ చేసి నాకు ఒగ ముక్క పంపు, వాట్సాప్‌లో వాయిస్ నోట్‌గా కాదు, డాక్యుమెంట్‌గా పంపు, లేకుంటే అది నలిపేసి పంపిస్తాది, నేను ఏం విన్నట్టు. డబ్బా, బిల్లు పారేయవాకు. మీ నాయన "ఇంత డబ్బు దీనికా" అంటే నాకు ఫోన్ చేయమను.

మీ అత్త