స్టెంట్ వేశాక మెగ్నీషియం మాత్రలు మొదలుపెట్టాలా?

మీ నాన్నగారికి గుండెపోటు వచ్చి పది రోజుల క్రితం స్టెంట్ వేశారని, ఆగిన రక్తం తిరిగి పారేటప్పుడు తగిలే దెబ్బ నుంచి రక్తనాళాలను మెగ్నీషియం కాపాడుతుందని చదివానని, మాత్రలు మొదలుపెట్టవచ్చా అని అడిగారు. డాక్టర్ చెప్పకుండా మొదలుపెట్టకండి. మీరు చదివింది అబద్ధం కాదు, కానీ అది పనిచేయాల్సిన సమయం దాటిపోయింది.

ఫిజియాలజీ ల్యాబ్‌లో మూడేళ్లు నేను చేసింది ఇదే పని. ఎలుక గుండెను గాజు గొట్టానికి కట్టి వేలాడదీసి, ఆక్సిజన్ కలిపిన 37 డిగ్రీల ఉప్పు ద్రవాన్ని బృహద్ధమనిలోకి పంపితే అది గంటల తరబడి కొట్టుకుంటుంది. గుండె కండరానికే రక్తం అందించే కరొనరీ నాళాల గుండా వచ్చిన ద్రవం కింద చుక్కలు చుక్కలుగా పడుతుంది. వాటిని కొలవాలి. కుళాయి అరగంట కట్టేసి మళ్లీ తిప్పితే ముందు ధారలా వస్తుంది, చూస్తున్న మనకు ప్రాణం లేచొస్తుంది. కాసేపటికే చుక్కలు మందగిస్తాయి. అప్పుడు నాళం లోపలి పొర ద్వారా పనిచేసే బ్రాడికైనిన్ ఇస్తే నాళాలు సరిగా విచ్చుకోవు, నేరుగా నాళం కండరాన్ని సడలించే నైట్రోప్రుసైడ్ ఇస్తే విచ్చుకుంటాయి. అంటే నాళం కండరం బాగానే ఉంది. నాళాలను విచ్చుకునేలా చేసే నైట్రిక్ ఆక్సైడ్‌ను తయారుచేసే లోపలి పొర, ఎండోథీలియం, దెబ్బతింది.

కుళాయి తిప్పకముందే మెగ్నీషియం పెంచిన గుండెల్లో చుక్కలు అంతగా మందగించలేదు. రక్తం ఆగినప్పుడు కణాల్లో సోడియం పేరుకుంటుంది. తిరిగి రాగానే ఆ సోడియం బయటికి పోతూ కాల్షియాన్ని లోపలికి లాగుతుంది, నాళాలు బిగుసుకుంటాయి. మెగ్నీషియం కాల్షియం దారులకు అడ్డుపడుతుంది, ప్లేట్‌లెట్లు గుంపుకట్టడాన్నీ కొంత తగ్గిస్తుంది. అదే మెగ్నీషియం పది నిమిషాలు ఆలస్యంగా ఇస్తే నాకు తేడా కనిపించలేదు. నమ్మలేక ఆ లెక్కలు మళ్లీ చూసుకున్నాను.

మనుషుల్లో కథ ఇంత సూటిగా లేదు. 1992లో వచ్చిన లిమిట్-2 పరీక్షలో 2,316 మందిలో, మెగ్నీషియం నరంలోకి ఎక్కించినవారిలో 28 రోజుల్లో మరణాలు 7.8 శాతం, ఎక్కించనివారిలో 10.3 శాతం. 1995లో 58 వేల మందితో చేసిన ఐసిస్-4 పరీక్షలో లాభం కనబడలేదు. ఆలస్యంగా ఇచ్చారు కాబట్టే అలా అయిందని కొందరు వాదించారు, నాకూ అప్పట్లో అదే సబబనిపించింది. కానీ 2002లో 6,213 మందికి త్వరగా ఇచ్చి చూసిన మ్యాజిక్ పరీక్షలోనూ మరణాలు తగ్గలేదు. అందుకే గుండెపోటు వచ్చిన అందరికీ దీన్ని ఇవ్వరు.

అయితే ఒంట్లో మెగ్నీషియం నిజంగా తగ్గితే మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు, గుండె లయ తప్పుతుంది. మూత్రం ఎక్కువగా పోయే మాత్ర వాడుతున్నప్పుడు మా అమ్మకు అలాగే తగ్గింది, డాక్టర్ చూసి సరిచేశారు. కిడ్నీలు సరిగా పనిచేయనివారిలో మాత్రం మెగ్నీషియం పేరుకుని బీపీ పడిపోవచ్చు. మీ నాన్నగారి డిశ్చార్జ్ కాగితాల్లో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే పరీక్ష), మెగ్నీషియం రిపోర్టులు ఉన్నాయేమో చూడండి. లేకపోతే చెకప్‌కి వెళ్లినప్పుడు అడగండి. ఈ టెన్షన్‌లో పడి, స్టెంట్ మూసుకుపోకుండా ఇచ్చిన మాత్రలు ఒక్క పూట కూడా మర్చిపోనివ్వకండి.