వంటింట్లోనే జపనీస్ నేర్చుకో

చిట్టీ,

టోక్యోలో, నిషి కసాయ్‌లో ఇల్లు దొరికిందని మీ అమ్మ చెప్పింది, సంతోషం. అక్కడ మన సరుకుల కొట్లున్నాయి, మనవాళ్లూ ఉన్నారు. ఆ సౌకర్యం వల్లే ఏళ్ల తరబడి జపనీస్ రాకుండా గడిపేసినవాళ్లని చూశాను తల్లీ, అందుకే ఈ ఉత్తరం. క్లాసుకి వెళ్లు. కానీ పాఠం నోటికి రావాలంటే స్టవ్ ముందు నిలబడు. నాకు అలాగే వచ్చింది.

ముఖ్యమైన మాట ముందే చెప్తున్నా. జపనీస్‌ని ఇంగ్లీషు మీదుగా కాకుండా తెలుగు మీదుగా పట్టుకో. ఇంగ్లీషులో అన్నిటికీ రైస్ ఒక్కటే. మనకి వరి, బియ్యం, అన్నం వేరు. వాళ్లకీ ఇనె, కొమె, గొహన్ వేరు. వంట పుస్తకంలో "కిత్తె, యుదెతె" అని ఉంటే "కోసి, ఉడికించి" అని చదువుకో. క్లాసులో అందరికీ టెన్షన్ పుట్టించే "తె" రూపం ఇదే. "తబెతె మిరు" అంటే అచ్చంగా "తిని చూడటం". "కిత్తె ఒకు" అంటే ముందుగా "కోసి పెట్టుకోవడం". "తబెతె షిమత్త" అంటే "తినేశాను". మనకి కుతకుత ఉడికితే వాళ్లకి గుత్సుగుత్సు, మన కరకర వాళ్ల కరికరి. మన వంటల్లో "ఉప్పు తగినంత" అన్నట్టే వాళ్లు "తెకిర్యో" అని రాస్తారు.

మొదట గుమ్మడికాయ నిమొనొ, అంటే రుచిగల నీళ్లలో ఉడికించే కూర, చెయ్యి. దానికి దషి, అంటే వాళ్ల వంటలకి ఆధారమైన చారు నీళ్లు, కావాలి. లీటరు నీళ్లలో 10 గ్రాముల కొంబు (ఎండబెట్టిన సముద్రపు నాచు) అరగంట నానబెట్టి, సన్న సెగ మీద పెట్టి, మరగబోయే ముందు తీసెయ్యి. మరిగితే జిగురు, చేదు వస్తాయి. ఆ కొంబు నుంచే 1908లో ఇకెద కికునయె అనే రసాయన శాస్త్రవేత్త దాని రుచికి కారణమైన గ్లుటమేట్‌ని వేరు చేసి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టారు. నువ్వు చేపలు తినవు కాబట్టి కొంబుతో పాటు ఎండు షిటాకే పుట్టగొడుగులు నానబెట్టు. కొట్లో దొరికే దషి పొడుల్లో చాలావాటిలో చేప ఉంటుంది. "కత్సువొ హైత్తె ఇమస్ క", అంటే "ఇందులో కత్సువొ చేప ఉందా" అని అడగడం మొదటి వారమే నేర్చుకో.

మసాలాల వరుసకి వాళ్ల అక్షరమాలలోని స, షి, సు, సె, సొ గుర్తు. సతో, షియొ, సు, షోయు, మిసొ: చక్కెర, ఉప్పు, వెనిగర్, సోయా సాస్, మిసొ అనే పులియబెట్టిన సోయా ముద్ద. షోయుని పాతకాలం రాతలో "సె"తో మొదలుపెట్టేవారు, మిసొకి చివరి అక్షరం "సొ". చక్కెర ముక్కలోకి నెమ్మదిగా దిగుతుంది కనక ముందు పడాలి. షోయు, మిసొల వాసన పోకుండా చివర్లో వెయ్యాలి. కొలతల్లో జాగ్రత్త, అక్కడి కప్పు 200 మిల్లీలీటర్లు, బియ్యం కప్పు మాత్రం 180.

ఒకసారి పక్కింటి పెద్దావిడ భోజనానికి పిలిస్తే, మాటల్లో పడి నేను తినే పుల్లల్ని (చాప్‌స్టిక్స్) అన్నంలో నిలువుగా గుచ్చాను. ఆవిడ ఏమీ అనకుండా వాటిని తీసి పక్కన పడుకోబెట్టారు. చనిపోయినవారికి పెట్టే అన్నంలోనే పుల్లలు అలా గుచ్చుతారని తర్వాత తెలిసింది. పుల్లల నుంచి పుల్లలకి ఏదీ అందించకూడదు కూడా. దహనం తర్వాత అస్థికల్ని ఎత్తేది అలాగే. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు వెళ్లి క్షమాపణ చెప్పాను. ఆవిడ నన్ను వంటింట్లోకి తీసుకెళ్లి ముల్లంగి కోయమన్నారు. ఆ తర్వాత మూడేళ్లు ప్రతి గురువారం వెళ్లాను.

నీకూ అలాంటి మనిషి దొరకాలి. మీ వార్డులో జనం కలిసి వండుకునే వంట క్లాసుల గురించి వార్డు ఆఫీసులో అడుగు. వంటయ్యాక వెళ్లిపోకు, గిన్నెలు తోమేటప్పుడే అసలు మాటలు నడుస్తాయి. కొన్నాళ్లకి నువ్వే పులిహోర చేసి చూపించు. చింతపండు అంటే ఏమిటో చెప్పడానికి నాకు పావుగంట పట్టింది. "ఉమెబొషిలా (వాళ్ల ఉప్పు ఊరేసిన పుల్లటి పండు) పుల్లగా ఉంటుంది" అన్నాక అందరూ ఒక్కసారి "ఆఁ" అన్నారు.

ఆదివారం గుమ్మడికాయ వండి ఫోన్ చెయ్యి. తొక్క తియ్యకు, తొక్క వైపు అడుక్కి పెట్టు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ