అడ్వాన్స్ కట్టాక భయమేస్తోంది

ప్రశ్న: నాకు 25 ఏళ్లు. నుదుటిపైన జుట్టు పలచబడింది. హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్‌కి అడ్వాన్స్ కట్టాను. చేయించుకోవాలా వద్దా అని నిద్ర పట్టడం లేదు.

జవాబు: తేదీ వాయిదా వేయించండి. ఈ వయసులో బట్టతల ఎంతవరకు పాకుతుందో తేలదు. ముందువరుస ఇప్పుడే నాటించుకుంటే, దాని వెనకున్న సొంత జుట్టు రాలిపోయి మధ్యలో ఖాళీ కనబడవచ్చు. పూడ్చడానికి తల వెనక నుంచి తీసి నాటే కుదుళ్లూ పరిమితమే. తీసినచోట మళ్లీ మొలవవు. ముందు చర్మవైద్యుల పర్యవేక్షణలో ఏడాదిపాటు జుట్టు రాలడాన్ని తగ్గించే మినాక్సిడిల్, ఫినాస్టరైడ్ మందులు వాడి చూడండి. మీకు ఆందోళన ఎక్కువని వారికి తప్పక చెప్పండి, ఫినాస్టరైడ్ కొందరిలో మనసును కుంగదీస్తుంది. క్లినిక్‌లో గట్టిగా అడగాల్సింది: కుదుళ్లు తీసేది, నాటేందుకు గాట్లు పెట్టేది డాక్టరా, టెక్నీషియనా? నొప్పి ప్రధానంగా మత్తు సూదులప్పుడే. నాటిన వెంట్రుకలు మొదటి వారాల్లో రాలడం మామూలే. 3-4 నెలలకు మొలుస్తాయి, పూర్తి ఫలితానికి ఏడాది.