రెండోసారి చదివేదే కొనండి

ప్రశ్న: నాకు పుస్తకాలంటే ప్రాణం. జీతం పడగానే ముందు కొనేవి అవే. పోయిన ఏడాది 31 కొన్నాను, పూర్తిగా చదివినవి 9. అత్యవసర నిధి మాత్రం సగం దగ్గరే ఆగిపోయింది. ఇక కొనడం మానేయాలా?

జవాబు: మానేయొద్దు. ఖర్చులకు కత్తెర వేయమని చెప్పేటప్పుడు నేను పుస్తకాల జోలికి చివరికి గానీ వెళ్లను. కానీ మీరు రాసిన రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడండి. 31 పుస్తకాల డబ్బుతో 9 చదివారు. అంటే చదివిన ఒక్కో పుస్తకమూ మీకు సగటున దాదాపు మూడున్నర పుస్తకాల ధరకు పడింది. మిగతా 22 ఎక్కడికీ పోలేదు, నిజమే. అత్యవసర నిధికి చేరాల్సిన డబ్బు మాత్రం వాటితోపాటే అల్మరాలో ఉండిపోయింది.

మొదటిసారి చదవడానికి అరువు తెచ్చుకోండి, రెండోసారి చదవాలనిపిస్తే కొనండి. నేను చాలా ఏళ్లుగా చేస్తున్నది ఇదే. లైబ్రరీ పుస్తకానికి గడువుంటుంది కాబట్టి చదివేస్తాం. కొన్నదైతే ఇంట్లోనే ఉంది కదా అని పక్కన పెడతాం. ఒకసారి ఒక వ్యాసాల సంపుటి తెచ్చుకుని గడువు రెండుసార్లు పొడిగించుకున్నాను. మూడోసారి పొడిగించబోతూ పేజీలు తిరగేస్తే, గీతలు గీయకూడదని నేను పెట్టుకున్న కాగితం ముక్కలు ఎనిమిది కనిపించాయి. ఆ సాయంత్రమే సొంత కాపీ కొన్నాను. ఇప్పుడు దాని అంచుల్లో పెన్సిల్ రాతలు, వాటి మీద నీలం సిరా, ఇంకో చోట ఎర్ర సిరా. మూడుసార్లు చదివాను కాబట్టి ఒక్కో చదువుకు పడింది ధరలో మూడో వంతే. మళ్లీ తెరిచినప్పుడల్లా అది ఇంకా తగ్గుతుంది.

కొన్నిటికి ఈ లెక్క వర్తించదు. నిఘంటువులు, పని చేస్తూ పక్కన తెరిచి పెట్టుకోవాల్సినవి నేరుగా కొనుక్కోవచ్చు. కవిత్వం కూడా అంతే, గడువులోగా ముగించే చదువు కాదది. చిన్న ప్రచురణకర్తలు తక్కువ కాపీలు వేసినవి మీకు నిజంగా కావాలనుకుంటే వాయిదా వేయకండి, అయిపోతే మళ్లీ వేస్తారన్న నమ్మకం లేదు. పన్నులు, సాఫ్ట్‌వేర్ లాంటి విషయాల మీద వచ్చేవి త్వరగా పాతబడతాయి, వాటిని అరువు తెచ్చుకుంటే చాలు.

పాత సాహిత్యానికి డబ్బు పెట్టేముందు కాపీరైట్ తీరిందేమో చూడండి. కాపీరైట్ మీద దేశాల మధ్య కుదిరిన బెర్న్ ఒప్పందం ప్రకారం సాధారణంగా రచయిత పోయాక కనీసం 50 ఏళ్లు హక్కులుంటాయి. చాలా దేశాల్లో అది 60 లేదా 70 ఏళ్లు. ఆ గడువు దాటినవి చాలావరకు ఉచితంగా దొరుకుతాయి, 1971లో మొదలైన ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే ఆన్‌లైన్ లైబ్రరీ అలాంటివే ఉచితంగా అందిస్తోంది. డబ్బు పెట్టి కొనే ఈ-బుక్ సంగతి వేరు. చాలా చోట్ల మీకు వచ్చేది చదువుకునే అనుమతి మాత్రమే. 2009లో అమెజాన్ కొన్ని పుస్తకాలను పాఠకుల కిండిల్‌ల (ఈ-బుక్‌లు చదివే పరికరాల) నుంచే తొలగించి డబ్బు వెనక్కి ఇచ్చింది. మళ్లీ మళ్లీ చదువుతానని తెలిసినది కాగితం మీద కొనడమే మేలని నా అభిప్రాయం.

ఇక మీ సంగతి. పుస్తకాలకు పెట్టే డబ్బులో సగం, అత్యవసర నిధి నిండేదాకా అందులోకే పంపండి. మిగతా సగం విడిగా ఉంచండి. ఒక నెల ఖర్చు కాకపోతే వచ్చే నెలకు కలుపుకోండి, ఖర్చు పెట్టి తీరాలని లేదు. ఆ 22లో నెలకు రెండు తెరవండి. 50 పేజీలకు కూడా మనసు పట్టకపోతే అమ్మేయండి, లేదా చదివేవారికి ఇచ్చేయండి. డబ్బు పెట్టాం కదా అని బలవంతంగా చదవకండి, చదివినా చదవకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు, బలవంతంగా చదివితే మీ సాయంత్రాలూ దానితోపాటే పోతాయి.

చదివిన 9లో మళ్లీ తెరవాలనిపించేవి ఏవో ఈ వారమే విడిగా తీసి పెట్టండి. వాటిని తిరిగి చదివితే ఈ ఏడాది లెక్కలో కొత్త పుస్తకాలతో సమానంగా రాసుకోండి.