వెనక రిమ్ము పగిలితే తప్పు నా బరువుదేనా?

ప్రశ్న: నా బరువు 92 కిలోలు. రోజూ 30 కిలోమీటర్లు సైకిల్ మీదే ఆఫీసుకు వెళ్లి వస్తాను. క్యారియర్ మీద పది పన్నెండు కిలోల సామాను ఉంటుంది. వెనక చక్రానికి గట్టిగా, తేలికగా ఉండే రిమ్ము కావాలని దుకాణంలో అడిగితే ఒకటి చూపించారు. చక్రం కూడా వాళ్లే కట్టి ఇచ్చారు. ఏడు నెలలకే స్పోకు రంధ్రాల చుట్టూ పగుళ్లు వచ్చాయి. వారంటీ ఏడాది. దుకాణం వాళ్లు ‘మీ బరువు ఎక్కువ’ అంటున్నారు, తయారీ కంపెనీ ‘చక్రం సరిగ్గా కట్టలేదు’ అంటోంది. బిల్లు మీద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోం’ అని ఉంది. చట్టంలో నాకు దారి ఉందా? ఈసారి కొనేటప్పుడు ఏం చూసుకోవాలి?

జవాబు: దారి ఉంది. అయితే కేసు సంగతి తర్వాత, ముందు ఆ చక్రాన్ని కాపాడుకోండి. స్పోకులు విప్పించకండి, బెండు తీయించకండి, దాని మీద ఇంకొక్క కిలోమీటరు కూడా తొక్కకండి. ‘కంపెనీకి పంపి చూస్తాం, ఇచ్చి వెళ్లండి’ అంటే ప్రతి పగులునూ ఫొటో తీసి, ఏం తీసుకున్నారో రాసి సంతకం చేసిన రసీదు ఇస్తేనే ఇవ్వండి. చాలామంది కోపంలో చక్రం దుకాణంలో పడేసి వచ్చేస్తారు. ఆ తర్వాత చూపించడానికి వాళ్ల చేతిలో ఏమీ మిగలదు.

చక్రం గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. మీ ఇద్దరు ప్రత్యర్థుల్లో తప్పు ఎవరిదో చెప్పగలిగేది అదొక్కటే. వెనక హబ్‌కు (చక్రం మధ్యలో స్పోకులు తగిలించే భాగం) కుడివైపు గేర్ల పళ్లచక్రాలు చోటు తీసుకుంటాయి కాబట్టి ఆ వైపు స్పోకులు నిటారుగా నిలబడతాయి. రిమ్ము మధ్యలో నిలవాలంటే వాటిని ఎడమవైపు స్పోకులకంటే చాలా ఎక్కువ బిగించాలి. పైగా మనిషి బరువులో, సామాను బరువులో పెద్ద వాటా వెనక చక్రం మీదే పడుతుంది. అందుకే పగుళ్లు మామూలుగా కుడివైపు రంధ్రాల దగ్గర మొదలవుతాయి. ప్రతి రిమ్ముకూ స్పోకు టెన్షన్ (బిగుతు) ఎంతవరకు ఉండొచ్చో తయారీదారు ఒక హద్దు పెడతాడు. మంచి రిమ్ములకు అది సాధారణంగా 100 నుంచి 130 కిలోల మధ్య ఉంటుంది. మీ చక్రం ఆ హద్దు దాటి బిగించి ఉంటే తప్పు కట్టినవాళ్లది. హద్దులోనే ఉండి పగిలితే అనుమానం రిమ్ము లోహం మీదకీ, డిజైన్ మీదకీ పోతుంది. అందుకే ఆ దుకాణంతో సంబంధం లేని మరో మెకానిక్ దగ్గర టెన్షన్ మీటరుతో కొలిపించి, అంకెలు, తేదీ రాయించుకుని సంతకం తీసుకోండి. స్పోకులు విప్పేస్తే ఈ సాక్ష్యం ఎప్పటికీ దొరకదు.

ఇంకొకటి కూడా చూసుకోండి. పగులు రంధ్రాల దగ్గర కాకుండా బ్రేకు రబ్బరు రాసుకునే పక్కగోడ మీద ఉండి, ఆ గోడ లోపలికి అరిగిపోయి ఉంటే అది వాడకంతో వచ్చిన అరుగుదల. అలాంటి కేసు వేయమని నేను సలహా ఇవ్వను.

ఇక చట్టం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 2(10) ప్రకారం చట్టం కోరిన ప్రమాణానికి తగ్గినది మాత్రమే కాదు, ఒప్పందానికి గానీ, వ్యాపారి ఏ రూపంలో చెప్పుకున్న మాటకు గానీ తగ్గినది కూడా ‘లోపం’ కిందికే వస్తుంది. చక్రం కట్టడం ఒక సేవ. అందులో తప్పుంటే సెక్షన్ 2(11) కింద సేవాలోపం. తప్పు ఎవరిదో మీరే తేల్చుకుని ఒకరినే ఎంచుకోనక్కర్లేదు. దుకాణాన్నీ, కంపెనీనీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. వాళ్లు ఒకరి మీద ఒకరు చెప్పుకునే మాటలు వినియోగదారుల కమిషన్ ముందే చెప్పుకుంటారు.

‘వాపసు తీసుకోం’ అనే వాక్యానికి భయపడకండి. నచ్చలేదని తిరిగిచ్చేవాళ్లకు అది వర్తించవచ్చు. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో తిరిగి తీసుకోవడానికి నిరాకరించడం సెక్షన్ 2(47) ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి.

మీ కేసులో బలహీనమైన చోటు బరువు. రిమ్ముతో వచ్చిన కాగితం మీద గానీ, కంపెనీ వివరాల్లో గానీ గరిష్ఠ బరువు రాసి ఉండి, మీరూ మీ సామానూ కలిపి దాన్ని దాటితే వాళ్ల వాదన నిలుస్తుంది. ఎక్కడా రాయకుండా, మీకు చెప్పకుండా, పగిలాక బరువు గుర్తుచేయడం వేరు. సరుకుల విక్రయ చట్టం, 1930 సెక్షన్ 16 ఇక్కడే పనికొస్తుంది. ఏ అవసరానికి కొంటున్నారో దుకాణదారుకు తెలియజేసి, అతని అనుభవాన్ని నమ్మి కొంటే, ఆ వస్తువు ఆ అవసరానికి సరిపోవాలన్నది ఒప్పందంలో రాయకపోయినా ఉన్న షరతే. అదే సెక్షన్‌లో ఒక మినహాయింపు కూడా ఉంది. ఫలానా బ్రాండు, ఫలానా మోడల్ ఇవ్వండని పేరు పెట్టి అడిగి కొంటే ఈ రక్షణ సాధారణంగా దొరకదు. మీరు పేరు చెప్పలేదు, అవసరం చెప్పారు. అది మీకు మేలు చేసింది. కానీ మీ బరువు, సామాను బరువు నోటితోనైనా చెప్పారా? మీరు ఎదురుగా నిలబడ్డారు, క్యారియర్ కళ్ల ముందే ఉంది అని వాదించవచ్చు గానీ, ఒక్క మెసేజ్ ఉంటే ఆ వాదన అవసరమే పడదు. పాత చాట్‌లన్నీ వెతకండి.

చేయాల్సిన పని ఇది. ఇద్దరికీ స్పీడ్ పోస్టులో నోటీసు పంపి 15 రోజులు గడువివ్వండి. బిల్లు, వారంటీ కార్డు, ఫొటోలు, మెకానిక్ రాసిచ్చిన కాగితం నకళ్లు జతచేయండి. ఈలోపు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే కొన్నిసార్లు అక్కడే తేలిపోతుంది. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. మీరు ఉండే చోటైనా, పనిచేసే చోటైనా వేయవచ్చు, కంపెనీ ఊరికి వెళ్లనక్కర్లేదు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫీజు లేదు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలో వేయాలి. పరీక్ష లేకుండా లోపం తేలదనుకుంటే కమిషన్ రిమ్మును సీలు చేసి ల్యాబ్‌కు పంపుతుంది. ఆ ఖర్చు మొదట మీరే కట్టాలి. సీలు చేయడానికి అసలు రిమ్మంటూ మీ దగ్గర ఉండాలి, అందుకే మొదట అంతగా చెప్పాను. గెలిస్తే కొత్త రిమ్ము గానీ, వడ్డీతో ధర గానీ, పరిహారం గానీ ఇప్పించే అధికారం కమిషన్‌కు ఉంది.

దేవుడి దయవల్ల మీరు పడలేదు. పడి దెబ్బ తగిలి ఉంటే అదే చట్టంలోని ఆరో అధ్యాయం కింద వస్తు బాధ్యత దావా (లోపమున్న వస్తువు వల్ల కలిగిన హానికి పరిహారం కోరేది) కూడా వేయవచ్చు. సరిగ్గా ఎలా వాడాలో, ఎలా వాడకూడదో చెప్పకపోయినా తయారీదారు బాధ్యుడే. వస్తువును మార్చి గానీ, తప్పుగా గానీ వాడితే మాత్రం అమ్మినవాడి మీద ఆ దావా నిలవదు.

ఇప్పుడు కొత్త రిమ్ము. నేనూ బరువున్నవాణ్నే, ఏళ్ల తరబడి సామానుతో తొక్కుతున్నాను కాబట్టి ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను: మీ వాడకానికి వెనక చక్రంలో మరీ తేలికను వెతకకండి. 400 గ్రాముల రేసింగ్ రిమ్ముకూ, 550 గ్రాముల పైబడిన టూరింగ్ రిమ్ముకూ తేడా ఒక గ్లాసు నీళ్ల బరువు కూడా కాదు. చక్రం అంచున ఆ బరువు వేగం పెంచేటప్పుడు కాస్త తెలుస్తుంది, నిజమే. రోజూ ఆఫీసుకు వెళ్లే దారిలో దానికోసం పగుళ్లు కొనుక్కోవడం తగదు. లోపల రెండు గోడలున్న అల్యూమినియం రిమ్ము, వెనక 36 స్పోకులు, కనీసం 32 ఉండాలి. రంధ్రాలు మధ్యలో కాక ఎడమవైపుకు జరిపి ఉన్న రిమ్ము దొరికితే ఇంకా మంచిది, రెండు వైపుల టెన్షన్ దగ్గరవుతుంది. రిమ్ము ఎంత గట్టిదైనా టైరు సన్నగా, గాలి తక్కువగా ఉంటే గుంతలో దెబ్బ నేరుగా దానికే తగులుతుంది, అందుకే రిమ్ము, ఫ్రేమ్ అనుమతించినంత వెడల్పు టైరు వేయండి. 622 సైజులోనే (టైరు కూర్చునే చోట రిమ్ము వ్యాసం, మిల్లీమీటర్లలో) కొత్త రిమ్ము కొన్నా పాత స్పోకులు సరిపోతాయన్న భరోసా లేదు. స్పోకు పొడవును తేల్చే లోపలి వ్యాసం రిమ్ము రిమ్ముకూ మారుతుంది. కట్టాక టెన్షన్ అంకెలు బిల్లు మీదే రాయించుకోండి.

కొనే ముందు దుకాణదారుకు ఫోన్‌లో ఇలా ఒక మెసేజ్ పెట్టండి: ‘నా బరువు 92 కిలోలు, సామాను 12 కిలోలు, రోజుకు 30 కిలోమీటర్లు, గుంతల రోడ్డు. దీనికి సరిపోయే వెనక రిమ్ము మీరే చెప్పండి. దాని గరిష్ఠ బరువు, స్పోకు టెన్షన్ హద్దు కూడా రాయండి.’ వచ్చిన జవాబును బిల్లుతో పాటు దాచుకోండి. జవాబు రాయడానికి వెనకాడితే ఆ రిమ్ము అక్కడ కొనకండి.