ఈడీలో డిఫర్ అయితే: ముందు పరీక్షలు, తర్వాత లిస్టు, ఆ తర్వాతే ఉత్తరం

ప్రశ్న: మేం టెక్సస్‌లో, ఫ్రిస్కోలో ఉంటాం. మా అబ్బాయి 12వ గ్రేడ్. తూర్పు తీరంలో ఒక ప్రైవేటు యూనివర్సిటీకి కంప్యూటర్ ఇంజినీరింగ్ కోసం ఎర్లీ డెసిషన్‌లో (ఈడీ, అంటే సీటిస్తే చేరి తీరతామన్న ఒప్పందంతో ముందుగా వేసే దరఖాస్తు) అప్లై చేశాడు. మొన్న సాయంత్రం డిఫర్ అని వచ్చింది. అప్పట్నుంచి గదిలోంచి సరిగా బయటికి రావడం లేదు. యూటీ ఆస్టిన్‌కి, టెక్సస్ ఎ అండ్ ఎమ్‌కి అక్టోబర్‌లోనే పంపాడు, ఇంకా ఏమీ తేలలేదు. ఈడీలో వచ్చేస్తుందన్న ధీమాతో వేరే ఎక్కడా వెయ్యలేదు. మావారి ఆఫీసులో ఒక వైస్ ప్రెసిడెంట్ ఆ యూనివర్సిటీలోనే చదివారట, ఆయన చేత రికమండేషన్ రాయిద్దామంటున్నారు. ఇప్పటికీ అక్కడే చేరాలని ఉందని చెప్పే ఉత్తరం బాబు ఇప్పుడే పంపాలా? ఈడీ రెండో విడత (ఈడీ 2) వెయ్యాలా? మాది హెచ్1బీ వర్క్ వీసా, బాబుది దాని మీద ఆధారపడ్డ హెచ్4.

జవాబు: అమ్మా, ముందు ఒక సంగతి స్పష్టం చేసుకుందాం. డిఫర్ అంటే రిజెక్ట్ కాదు, వెయిట్‌లిస్ట్ కూడా కాదు. మీ బాబు ఫైలును రెగ్యులర్ రౌండులోకి తోశారు. మిగతా అప్లికేషన్లతో కలిపి మళ్లీ చదివి, మార్చి చివర్లో తేలుస్తారు. దీనివల్ల మీకు ఒక స్వేచ్ఛ కూడా వచ్చింది. మీరు, బాబు, స్కూలు కౌన్సెలర్ కలిసి సంతకం చేసిన ఈడీ ఒప్పందం ఇప్పుడు చెల్లదు. మార్చిలో సీటిచ్చినా చేరి తీరాలని లేదు.

అయితే ఆశ ఎంత పెట్టుకోవాలి? గట్టి పోటీ ఉన్న కాలేజీల్లో డిఫర్ అయినవాళ్లలో ఎక్కువమందికి చివరికి సీటు రాదు. ఆ కాలేజీ రాదనుకునే మిగతా ప్లాన్ వేసుకోండి, వస్తే సంతోషం.

మీ ప్రశ్నంతా ఉత్తరం, రికమండేషన్, ఈడీ 2 చుట్టూనే ఉంది. ఈ వారంలో వాటికంటే ముందు చూడాల్సినవి రెండున్నాయి, మీరు వాటి ఊసే ఎత్తలేదు.

మొదటిది సెమిస్టర్ పరీక్షలు. టెక్సస్‌లో చాలా స్కూళ్లు ఆగస్టు మధ్యలో మొదలై, మొదటి సెమిస్టర్‌ను క్రిస్మస్ సెలవులకు ముందే ముగిస్తాయి. ఈడీ ఫలితాలూ డిసెంబర్ మధ్యలోనే వస్తాయి. అంటే కబురు సరిగ్గా పరీక్షల వారంలో వచ్చి పడుతుంది. డిఫర్ చేసిన కాలేజీ ఇకమీదట మీ బాబు గురించి ఖాయంగా చూసే కొత్త కాగితం ఒక్కటే: కౌన్సెలర్ పంపే మిడ్-ఇయర్ రిపోర్టు. అందులో ఉండేవి ఈ మార్కులే. ఎ గ్రేడు ఉన్న ఏపీ (కాలేజీ స్థాయి హైస్కూలు కోర్సులు) ఫిజిక్స్ సి, ఏపీ కాలిక్యులస్ బీసీ ఈ దిగులులో బి గ్రేడుకి జారితే, ఇంజినీరింగ్ అడిగిన పిల్లాడికి అసలుకే ఎసరు. ఆ తర్వాత ఎంత గొప్ప ఉత్తరం రాసినా ఆ బిని కప్పిపుచ్చలేదు. కాబట్టి ఈ వారం కాలేజీల మాట ఆపి పరీక్షలు రాయనివ్వండి. ఒక సబ్జెక్టులో మార్కు తగ్గడానికి జ్వరం లాంటి నిజమైన కారణం ఉంటే, దాన్ని కౌన్సెలర్ మిడ్-ఇయర్ రిపోర్టుతో పాటు రెండు వాక్యాల్లో రాయడం మేలు. అదే మాట మీరు ఫోన్ చేసి చెబితే సాకులా వినిపిస్తుంది.

రెండోది లిస్టు. చాలా ప్రైవేటు యూనివర్సిటీల రెగ్యులర్ గడువు జనవరి 1 నుంచి 5 లోపు. చేతిలో రెండు వారాలున్నట్టు కనిపిస్తుంది కానీ, స్కూలు డిసెంబర్ 20కి అటూ ఇటూగా మూసేస్తే కౌన్సెలర్ జనవరి మొదటి వారం దాకా దొరకరు. అందుకే రేపే కౌన్సెలర్‌కి మెయిల్ పెట్టించండి, మీరు కాదు, బాబే పెట్టాలి. అందులో మూడు విషయాలుండాలి: డిఫర్ అయిన కాలేజీకి మిడ్-ఇయర్ రిపోర్టు వెళ్లాలన్నది, కొత్తగా వెయ్యబోయే కాలేజీల పేర్లు గడువులతో సహా, ట్రాన్‌స్క్రిప్టులు సెలవులకు ముందే పంపగలరా అన్న ప్రశ్న. టీచర్ల రికమండేషన్లు ఇప్పటికే ఎక్కించి ఉన్నాయి కాబట్టి మళ్లీ రాయించనక్కర్లేదు. కానీ కామన్ యాప్‌లో (చాలా కాలేజీలకు ఒకేచోటి నుంచి అప్లై చేసే సైటు) కొత్త కాలేజీ కలిపినప్పుడల్లా ఆ టీచర్ల పేర్లను దానికి విడిగా అసైన్ చెయ్యాలి. మీ స్కూలు నావియన్స్ (స్కూళ్లు కాలేజీలకు కాగితాలు పంపే సాఫ్ట్‌వేర్) వాడితే ఆ పని అక్కడ చెయ్యాలి. ఈ ఒక్క క్లిక్ మర్చిపోయి, ఫిబ్రవరిలో పోర్టల్‌లో "రికమండేషన్ అందలేదు" అని చూసి కంగారుపడేవాళ్లు ఏటా ఉంటారు.

లిస్టులో ఏం పెట్టాలి? కొన్ని తలుపులు ఇప్పటికే మూసుకుపోయాయి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌ల గడువు నవంబర్ నెలాఖరుకి అటూ ఇటూగా అయిపోయింది, సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌ది నవంబర్ మధ్యలోనే. పర్డ్యూ, మేరీలాండ్ లాంటి పబ్లిక్ యూనివర్సిటీలు జనవరిలో కూడా తీసుకుంటాయి. పిట్స్‌బర్గ్ రోలింగ్ పద్ధతిలో, అంటే వచ్చిన అప్లికేషన్‌ను వచ్చినట్టే చూస్తుంది. ఇంటి దగ్గర యూటీ డాలస్, టెక్సస్‌లోనే కాస్త దూరంగా యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్ జనవరిలోనూ తెరిచే ఉంటాయి. అయితే స్కాలర్‌షిప్ గడువు చాలాచోట్ల అడ్మిషన్ గడువు కంటే ముందే ముగుస్తుంది, దాన్ని విడిగా చూసుకోండి. ఈ ఏడాది తేదీలను ఆయా సైట్లలో మరోసారి సరిచూశాకే క్యాలెండర్‌లో రాసుకోండి.

యూటీ ఆస్టిన్ ఎర్లీ యాక్షన్ (చేరి తీరాలన్న షరతు లేని ముందస్తు దరఖాస్తు) ఫలితం జనవరి 15 నాటికి రావాలి. అక్కడా డిఫర్ చేసి ఫిబ్రవరికి నెట్టే అవకాశముంది, దానికీ సిద్ధంగా ఉండండి. 2026 ఫాల్ నుంచి ఆస్టిన్‌లో, స్కూలు ర్యాంకును బట్టి టెక్సస్ పిల్లలకిచ్చే ఆటోమేటిక్ అడ్మిషన్‌ను టాప్ 6 శాతం నుంచి టాప్ 5 శాతానికి తగ్గించారు. ఫ్రిస్కో స్కూళ్లలో ఆ 5 శాతంలో ఉండటమంటే మాటలు కాదు. పోనీ ఉన్నా, యూనివర్సిటీలో సీటుకే గ్యారంటీ, ఇంజినీరింగ్‌కో కంప్యూటర్ సైన్స్‌కో కాదు. ఎ అండ్ ఎమ్‌లో అయితే ముందు జనరల్ ఇంజినీరింగ్‌లో చేరి, మొదటి ఏడాది మార్కులను బట్టి బ్రాంచి తెచ్చుకోవాలి.

మన వాట్సాప్ గ్రూపుల్లో తరచూ తిరిగే ఒక సలహా ఉంది: "ముందు ఏదో ఒక మేజర్‌లో చేరి తర్వాత సీఎస్‌కి మారిపోవచ్చు." ఇల్లినాయ్, మేరీలాండ్, వాషింగ్టన్ లాంటి చోట్ల సీఎస్‌కి సీట్ల పరిమితి ఉంటుంది, లోపలి నుంచి మారడం చాలా కష్టం. రెండో ఛాయిస్ మేజర్ అడిగే గడిలో బాబు నాలుగేళ్లు నిజంగా చదవగలిగిందే రాయాలి.

ఆరు నుంచి ఎనిమిది కొత్త అప్లికేషన్లు చాలు. ఒక్కోదానికి సప్లిమెంట్ వ్యాసాలు ఒకటి నుంచి నాలుగు దాకా ఉంటాయి కాబట్టి, పదిహేను వేస్తే పదిహేనూ పల్చబడతాయి. డిఫర్ చేసిన కాలేజీ లాంటివే ఎనిమిది ఎంచుకోవద్దు. వచ్చి తీరుతాయనదగ్గవి రెండు, వాటి ఫీజు మీరు కట్టగలిగేది అయ్యుండాలి. మార్కులకు సరితూగేవి మూడు నాలుగు, సాహసం చేసేవి రెండు. ఇంకో మాట: ఈడీ కాలేజీకి రాసిన "మా కాలేజీయే ఎందుకు" వ్యాసాన్ని కాపీ చేసి పేరు మార్చి పంపేటప్పుడు, పేరు మారుతుంది కానీ ఆ కాలేజీ ల్యాబ్ పేరో ప్రొఫెసర్ పేరో లోపలెక్కడో మిగిలిపోతుంది. సబ్‌మిట్ నొక్కేముందు పీడీఎఫ్ ప్రివ్యూను మీరొకసారి పైకి చదవండి.

ఇక ఈడీ 2. షికాగో, వాండర్‌బిల్ట్, ఎన్‌వైయూ, ఎమరీ, టఫ్ట్స్ లాంటి కాలేజీల్లో ఇది ఉంది. గడువు జనవరి మొదట్లో, ఫలితం ఫిబ్రవరి మధ్యలో. డిఫర్ అయినవాళ్లు వెయ్యొచ్చు, పాత కాలేజీ ఫైలు అలాగే నడుస్తుంది. కానీ ఈడీ 2లో సీటొస్తే డిఫర్ చేసిన కాలేజీతో సహా అన్నీ విత్‌డ్రా చెయ్యాలి. మీ బాబు మనసు ఇంకా పాత కాలేజీ మీదే ఉంటే ఫిబ్రవరిలో ఇంట్లో గొడవ ఖాయం.

మీ విషయంలో ఈడీ 2కి ఇంకా పెద్ద అడ్డు డబ్బు. పేరున్న ప్రైవేటు యూనివర్సిటీలో అన్నీ కలిపి ఏడాదికి 90 వేల డాలర్లకు అటూ ఇటూగా అవుతోంది. హెచ్4 పిల్లలకు ఫెడరల్ ఎయిడ్ (కేంద్ర ప్రభుత్వ ఆర్థిక సాయం) లేదు. ఎయిడ్ విషయంలో చాలా ప్రైవేటు కాలేజీలు వాళ్లను అంతర్జాతీయ విద్యార్థుల కింద లెక్కిస్తాయి. అలాంటి విద్యార్థి ఎయిడ్ అడిగాడన్నది అడ్మిషన్‌లో పట్టించుకోని కాలేజీలు హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎమ్ఐటీ, ఆమ్‌హర్స్ట్ లాంటివి కొన్నే. మిగతా చోట్ల ఎయిడ్ అడగడమే అవకాశాన్ని తగ్గించవచ్చు. కాలేజీ సైట్లలో, ఎయిడ్ పోగా ఎంత కట్టాలో అంచనా వేసే నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ సాధారణంగా సిటిజన్, గ్రీన్‌కార్డ్ కుటుంబాల కోసం తయారైంది. అది చూపించే అంకెను నమ్మి ఈడీ 2 ఒప్పందం మీద సంతకం పెట్టొద్దు. ఎయిడ్ ఆఫీసుకి "మా అబ్బాయి హెచ్4, అతన్ని ఏ వర్గంలో చూస్తారు" అని మెయిల్ పెట్టి, రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. జవాబు రాకపోతే ఈడీ 2 వద్దు, రెగ్యులర్‌లోనే వెయ్యండి. టెక్సస్ పబ్లిక్ యూనివర్సిటీల్లో మాత్రం, రెసిడెన్సీ షరతులు నెరవేరితే హెచ్4 పిల్లలకు ఇన్-స్టేట్ ఫీజు (రాష్ట్రవాసులకుండే తక్కువ ఫీజు) వర్తిస్తుంది. పై లిస్టులో టెక్సస్ కాలేజీలు పెట్టమన్నది అందుకే. డిగ్రీ మధ్యలో 21 ఏళ్లు నిండితే హెచ్4 పోయి ఎఫ్1 స్టూడెంట్ వీసాకి మారాల్సి వస్తుంది, ఫీజు లెక్క అప్పుడేమవుతుందో మీ ఇమిగ్రేషన్ లాయర్‌నీ యూనివర్సిటీ రెసిడెన్సీ ఆఫీసునీ ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

చివరికి ఉత్తరం దగ్గరికి వద్దాం. ముందు డిఫర్ లెటర్‌ను, పోర్టల్‌ను నెమ్మదిగా చదవండి. కొన్ని కాలేజీలు ఫారమ్ ఇచ్చి తేదీ చెబుతాయి. ఉదాహరణకు ఎమ్ఐటీ ఫిబ్రవరిలో ఒక అప్‌డేట్ ఫారమ్ నింపమంటుంది. కొన్ని ఏమీ పంపొద్దంటాయి, అప్పుడు పంపకపోవడమే మర్యాద. మరొకటి చూడండి: చాలా యూనివర్సిటీలు తమ సైటులో కామన్ డేటా సెట్ అనే పత్రం పెడతాయి. అందులో సి7 పట్టికలో "దరఖాస్తుదారుడి ఆసక్తి" అన్న వరుస ఉంటుంది. దాని పక్కన "పరిగణించం" అని ఉంటే, ఉత్తరంలో ప్రేమ కురిపించినా లాభం లేదు, కొత్త సమాచారానికే విలువ.

తేదీ చెప్పకపోతే జనవరి రెండో సగంలో, సెమిస్టర్ మార్కులు చేతికొచ్చాక పంపడం నా లెక్కలో సరైన సమయం. ఈ వారమే పంపితే చెప్పడానికి కొత్త విషయమే ఉండదు. ఉత్తరం ఒక్కటే, 300 పదాలకు అటూ ఇటూగా, పోర్టల్‌లో ఎక్కించే చోటుంటే అక్కడ, లేకపోతే మీ ప్రాంతం చూసే అడ్మిషన్ ఆఫీసర్‌కి. మెయిల్ సబ్జెక్టులో పేరు, అప్లికేషన్ నంబరు. "సీటిస్తే తప్పక చేరతాను" అన్న వాక్యం నిజమైతేనే, ఒక్క కాలేజీకే. మీ పరిస్థితిలో ఎయిడ్ తేలకుండా ఆ మాట ఇవ్వకూడదు, "ఇప్పటికీ నా మొదటి ఎంపిక మీరే" అంటే చాలు.

లోపల ఏముండాలో ఒక మచ్చు. "మీ యూనివర్సిటీ చిన్నప్పట్నుంచి నా కల, డిఫర్ అయ్యాక నా పట్టుదల ఇంకా పెరిగింది" అని వందల మంది రాస్తారు. దానికి బదులు, బాబు ఎఫ్‌టీసీ రోబోటిక్స్‌లో (స్కూలు పిల్లల రోబో పోటీ) ఉన్నాడనుకుంటే: "నవంబర్‌లో మా రోబో ఆటానమస్ భాగంలో పక్కకు జరిగిపోయేది. చక్రం జారినా మోటారు ఎన్‌కోడర్ దాన్ని ప్రయాణించిన దూరంగానే లెక్కేస్తోందని కనిపెట్టాం. మోటారుకు తగిలించని విడి చక్రాలు పెట్టి దూరం కొలిచాక, డిసెంబర్ లీగ్ మీట్‌లో ఆ తప్పు మళ్లీ రాలేదు. ఆ కోడ్ నేనే రాశాను." నాలుగు వాక్యాల్లో పిల్లాడు ఎలా ఆలోచిస్తాడో తెలిసిపోయింది, పైగా ఇది మొదటి అప్లికేషన్‌లో లేని సంగతి. చాట్‌జీపీటీ చేత రాయిస్తే మొదటిరకం వాక్యాలే వస్తాయి.

వైస్ ప్రెసిడెంట్ గారి రికమండేషన్ వద్దు. ఆయనకు బాబు తెలియదు, ఆ సంగతి మొదటి పేరాలోనే బయటపడుతుంది. అదనపు రికమండేషన్ కాలేజీ ఒప్పుకుంటేనే, అదీ ఈ ఏడాది బాబు పని దగ్గరుండి చూసినవాళ్లు, అంటే రోబోటిక్స్ మెంటరో 12వ గ్రేడ్ ఫిజిక్స్ టీచరో రాస్తేనే పనికొస్తుంది. మీరు అడ్మిషన్ ఆఫీసుకి ఫోన్లు చెయ్యడం, క్యాంపస్‌కి వెళ్లి కలుస్తామనడం కూడా మానుకోండి.

బాబు గదిలోంచి రాకపోవడం గురించి. రెండు మూడు రోజులు అలా ఉండటం సహజం, కదిలించకండి. పరీక్షకి ముందురోజు భోజనానికి పిలవండి, చదువు మాటెత్తకుండా. తెలిసినవాళ్లు "ఎక్కడొచ్చింది?" అని అడిగితే "ఇంకా రెగ్యులర్ ఫలితాలు రావాలండీ" అన్న ఒక్క జవాబు ఇంటిల్లిపాదీ అనుకుని పెట్టుకోండి. స్నేహితుడి ఈడీ సీటు ఫొటోను ఇంటి గ్రూపులో ఫార్వర్డ్ చెయ్యొద్దని మీవారికి మీరు చెప్పారని బాబుకి తెలిసినా వాడికి కాస్త ఊపిరాడుతుంది. నిద్ర, తిండి రెండు వారాలైనా గాడిలో పడకపోతే స్కూలు కౌన్సెలర్‌ని గానీ డాక్టర్‌ని గానీ కలవండి. బతకాలని లేదన్న మాట ఏ రూపంలో వినిపించినా ఆగకుండా 988కి (ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్) ఫోన్ చెయ్యండి, 24 గంటలూ పలుకుతారు.

రేపు ఉదయం మాత్రం కౌన్సెలర్‌కి ఆ మెయిల్ వెళ్లాలి. సెలవులు మొదలైతే జనవరి దాకా ఆ పని చేసేవాళ్లుండరు.