డిప్రెషన్‌కు మామూలు టీఎంఎస్ సరిపోతుందా, స్కాన్‌తో చేసే పద్ధతి కోసం ఆగాలా?

టెక్సస్‌లో ఉన్న మీ అక్కగారికి మందులు మార్చినా డిప్రెషన్, ఆందోళన తగ్గలేదనీ, మెదడు పనితీరు చూపే ఎఫ్ఎంఆర్ఐ స్కాన్ చూసి చేసే స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ పద్ధతి అందుబాటులోకి వచ్చేదాకా ఆగాలా, ఇంటి దగ్గరి మామూలు టీఎంఎస్ (అయస్కాంత పల్స్‌లతో మెదడును ప్రేరేపించే చికిత్స) మొదలుపెట్టాలా అనీ అడిగారు. అమెరికాలోనే మామూలు టీఎంఎస్ చేయించుకున్న నా అభిప్రాయంలో ఆగవలసిన పని లేదు.

రెండింటిలోనూ తలకు ఆనించిన కాయిల్ నుంచి వెలువడే అయస్కాంత పల్స్‌లు మెదడు ఎడమ ముందుభాగాన్ని ప్రేరేపిస్తాయి. స్టాన్‌ఫర్డ్ పద్ధతిలో, మెదడు లోతున ఉండి డిప్రెషన్‌తో ముడిపడిన సబ్‌జెన్యువల్ సింగులేట్ అనే భాగానికి అన్నిటికంటే ఎక్కువ వ్యతిరేకంగా పనిచేసే బిందువు ఆ మనిషిలో ఎక్కడుందో స్కాన్‌లో వెతికి, అక్కడ గంటకొకసారి పది నిమిషాల చొప్పున రోజుకు 10 సార్లు, ఐదు రోజులు ఇస్తారు. 29 మందితో జరిగిన పరీక్షలో, నాలుగు వారాల తర్వాత డిప్రెషన్ స్కోరు అసలు చికిత్స పొందినవారిలో సగటున 52.5 శాతం, ఉత్తుత్తి చికిత్స పొందినవారిలో 11.1 శాతం తగ్గింది. 2022లో ఈ పద్ధతికి అమెరికా ఔషధ, వైద్యపరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. అయితే ఆ పరీక్ష మామూలు టీఎంఎస్‌తో పోల్చింది కాదు. పైగా అందులో స్థానంతోపాటు మోతాదు, వేగం కూడా మారాయి కనుక, మేలులో స్కాన్ వాటా ఎంతో విడదీసి చెప్పలేము. బ్రిటన్‌లో 255 మందితో జరిగి 2024లో వెలువడిన బ్రైట్‌మైండ్ పరీక్షలో, మెదడు అనుసంధానాలను బట్టి స్థానం నిర్ణయించినవారికీ సాధారణ ఎంఆర్ఐతో నిర్ణయించినవారికీ 26 వారాల్లో తేడా కనిపించలేదు, మెరుగుదల మాత్రం రెండు వర్గాల్లోనూ కనిపించింది.

నా విషయానికొస్తే, మొదటి రోజు బొటనవేలు అదిరే స్థాయిని బట్టి మోతాదు నిర్ణయించారు. వడ్రంగిపిట్ట పొడుస్తున్నట్టుండే ఆ తాకిడికి మొదట్లో కనుబొమ్మ దగ్గర నొప్పి పుట్టి, తర్వాత అలవాటైంది. నాకు ముందు నిద్ర కుదురుకుంది, ఆందోళన అన్నిటికంటే చివర తగ్గింది. వారానికి ఐదు రోజులు, వారాల తరబడి కారు నడుపుకుంటూ వెళ్లిరావడమే అసలు కష్టం (ఇన్సూరెన్స్ అనుమతి మరో తలనొప్పి).

గతంలో ఫిట్స్ వచ్చినా, తలలో లోహపు క్లిప్పులో వినికిడి కోసం అమర్చిన కాక్లియర్ ఇంప్లాంటో ఉన్నా ముందే చెప్పాలి. మందులు సొంతంగా ఆపకూడదు. చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నట్లయితే ఏ టీఎంఎస్ అపాయింట్‌మెంట్ కోసమూ ఎదురుచూడకుండా, అత్యవసర సాయం తీసుకుని, త్వరగా పనిచేసే ఈసీటీ (మత్తు ఇచ్చి మెదడుకు కరెంటు ఇచ్చే చికిత్స) గురించి అడగండి. ఉద్యోగం వల్ల రోజూ వెళ్లిరావడం అక్కగారికి కుదరకపోతే మాత్రం, ఐదు రోజుల పద్ధతి ఖర్చులో ఇన్సూరెన్స్ ఎంత భరిస్తుందో ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.